తాళాల గుత్తికి వేలాడిన చాకు

1984 ఏప్రిల్ మొదటి వారంలో నన్ను కామాటిపురా సెక్షన్‌కు జూనియర్ ఇంజనీరుగా వేశారు. బొంబాయిలో చాల్ అని పిలిచే, వరస గదుల పాత అద్దె భవనాల మరమ్మతులు చూసే ప్రభుత్వ కార్యాలయం మాది. ఏటా వానాకాలానికి ముందు సర్వే జరిగేది. ఏ చాల్ వానలకు తట్టుకుంటుంది, దేనికి ఊతకర్రలు పెట్టాలి, దేన్ని ఖాళీ చేయించాలి అని ప్రతి భవనాన్నీ మూడు తరగతుల్లో ఒకదానిలో రాయాలి. రాసేది జూనియర్ ఇంజనీరు, సంతకం పెట్టేది డిప్యూటీ ఇంజనీరు. భవనం కూలితే సంజాయిషీ మాత్రం కింది నుంచి మొదలయ్యేది. అక్కడి గల్లీల్లో తెలుగువాళ్ళు ఎక్కువ, మా ఆఫీసులో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే ఆ సెక్షన్ నాకు పడింది.

ఆఫీసు ఇచ్చే సామాను సుత్తి, గడ్డపార, టేపు, గోడ వాలు చూసే గుండు. వీటిని ప్యూను మోసుకొచ్చేవాడు. ఇవి కాక నా జేబులో సొంత పనిముట్టు ఒకటుండేది. నాగ్‌పాడా పేవ్‌మెంటు మీద విదేశీ సామాను అమ్మే ఆయన దగ్గర కొన్న మడత చాకు. చిటికెన వేలంత పొడవు, ఎర్ర పిడి, తాళాల గుత్తికి తగిలించుకునే రింగు. లోపల ఒక బ్లేడు, బుల్లి కత్తెర, కొస స్క్రూడ్రైవరులా ఉండే ఆకురాయి, పిడిలోకి దూరిపోయే చిన్న పట్టకారు, పళ్ళపుల్ల. మా డిప్యూటీ సాహెబ్ మరాఠీ మనిషి. గోళ్ళు తీసుకునే సామానుతో బిల్డింగులు పరీక్ష చేస్తావా అని నవ్వేవారు. పిట్ట కొంచెం కూత ఘనం అనుకుని నేనూ నవ్వేసేవాణ్ణి.

చాల్ నిలబడేది టేకు గుంజల మీద, దూలాల మీద. గుంజ చెడేది నేలను తాకే చోట, అందులోనూ మోరీ దగ్గర. మోరీ అంటే ఖోలీ, అంటే ఒంటి గది ఇంటి, మూలన స్నానానికీ అంట్లకూ కట్టుకున్న చిన్న గట్టు. ఏళ్ళ తరబడి తడి తగిలి కలప లోపల్లోపల కుళ్ళుతుంది, పై రంగు మాత్రం చెక్కుచెదరదు. పైన పటారం, లోన లొటారం. సుత్తితో కొడితే శబ్దాన్ని బట్టి తెలుస్తుంది. కానీ సుత్తితో వచ్చే మనిషిని చూస్తే తలుపులు మూసుకుంటాయి. చాకును చూసి ఎవరూ బెదరరు. ఆకురాయి కొసను గుంజలో గుచ్చితే, మంచి టేకులో గోటి మందం దిగి ఆగిపోతుంది. కుళ్ళిన దాంట్లో పిడి దాకా పోతుంది. బ్లేడుతో గుచ్చకూడదు. ఇంత చిన్న చాకులో బ్లేడును పట్టి ఉంచే ఏర్పాటు ఉండదు, మడుచుకుని వేలు తెగుతుంది. నా చూపుడు వేలి మీద గీత మొదటి నెలలోనే పడింది.

ఒక చాల్‌లో మొదటి అంతస్తు మీద నాగవ్వ అనే ఆమె ఖానావళి నడిపేది. పాలమూరు నుంచి వచ్చి బిల్డింగు పనులు చేసుకునే పద్నాలుగు మందికి రెండు పూటలా జొన్నరొట్టె, పుంటికూర పప్పు వండిపెట్టేది. వాళ్ళలో చాలామంది పడుకునేది సరిగ్గా ఆమె ఖోలీ కింది గదిలో. నాగవ్వకు అరవై దాటాయి. అంతకుముందు ముప్పై ఏళ్ళు మేస్త్రీల వెనక తట్ట మోసిన మనిషి.

తెలుగు ఇంజనీరు వస్తున్నాడని గల్లీలో ముందే తెలిసిపోయింది. నేను వెళ్ళగానే గుమ్మంలోనే ఆపింది.

"చెప్పులు ఇడిసి రా సారూ. ఇంట్ల మైసమ్మ ఉన్నది."

మోరీ పక్కన ఉన్న గుంజకు నడుమెత్తు దాకా దట్టంగా పసుపు, వరసగా కుంకుమ బొట్లు, కింద నిమ్మకాయ. నేను తెలుగులో పలకరించేసరికి సారు కాస్తా బిడ్డనయ్యాను. అరచేతిలో ఇనుప తీగ ముక్క విరిగి, రొట్టె తుంచలేక బాలయ్య అనే కూలి ఒక పక్కన కూర్చుని ఉన్నాడు. పట్టకారుతో ముక్క లాగేశాను. నాగవ్వ చాకును అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇంత దాంట్ల ఇన్ని పెట్టిండు! అచ్చం నా ఖోలీ లెక్కనే ఉన్నది."

వేడి రొట్టె పెట్టింది, తిన్నాను. గుంజ మీదికి చెయ్యి పోలేదు. దేవతను ఎలా గుచ్చను? దండం పెట్టుకుని, రిజిస్టరులో ఆ గుంజకు ఎదురుగా 'బాగుంది' అని రాశాను. పరీక్ష చేయకుండా నేను రాసిన మాట నా ఉద్యోగం మొత్తంలో అదొక్కటే.

సాయంత్రం వర్లిలో మా ఖోలీకి వచ్చి, తెలుగువాళ్ళ ఇంట్లో మైసమ్మను చూశానని అమ్మకు గొప్పగా చెప్పాను. అమ్మ ఉల్లిగడ్డ కోస్తున్నదల్లా ఆగింది.

"మోరీ పక్కనా? అంట్ల నీళ్ళు పడే కాడ మైసమ్మను ఎవలన్న నిలబెడ్తరారా? నీ సదువు సట్టుబండలు గాను! గా అవ్వ మస్తు ఉషారున్నది."

సిగ్గేసింది. నా స్థానంలో డిప్యూటీ సాహెబ్ ఉంటే ఏమీ అడగకుండా గుచ్చేవారు. నేను తెలుగువాణ్ణి కనుకనే ఆ పసుపుకు లొంగుతానని నాగవ్వ లెక్క వేసింది. కోపం వచ్చింది. కోపం చల్లారాక భయం పట్టుకుంది. దాచారంటే లోపల ఏదో ఉన్నట్టే కదా.

మర్నాడు పొద్దున్నే ప్యూను లేకుండా ఒక్కణ్ణే వెళ్ళాను. మోరీ కాడ మైసమ్మ ఏందవ్వా అని అడిగాను. పిండి కలుపుతూనే చెప్పింది.

"గుంజ ఖరాబని రాస్తే ఖాళీ చెయ్యిమంటరు. యాడనో దూరం క్యాంపుల పడేస్తరు. పొయినోళ్ళు ఎవలన్న మర్లి వచ్చిండ్రా బిడ్డా? ఆడ నేనెవలికి వండాలె?"

అందులో అబద్ధం ఏమీ లేదు. అలా తాత్కాలిక వసతి క్యాంపులకు పోయి ఏళ్ళుగా అక్కడే ఉండిపోయిన కుటుంబాల ఫైళ్ళు మా బీరువాలోనే ఉన్నాయి. నాకు తెలిసిన నిబంధన ఆమెకు చెప్పాను. దూలాలు గట్టిగా ఉండి, ఒకటి రెండు గుంజలే చెడితే చాల్ అంతా ఖాళీ చేయించనక్కరలేదు. ఆ గుంజలున్న ఖోలీలు ఖాళీ చేయించి వాటిని మార్చవచ్చు. అదీ ఇప్పుడు తెలిస్తేనే. వానల్లో బయటపడితే అందరికీ నోటీసే. అంతకుముందే కూలితే, కింద పడుకునేది నీ చేతి రొట్టె తినేవాళ్ళే అన్నాను.

నాగవ్వ లేచి చేతులు కడుక్కుంది. తడి చెయ్యి చాపింది.

"ఇటియ్యి."

చాకు తీసుకుని గుంజ ముందు కూర్చుంది. ఎక్కడ గుచ్చాలో వెతకలేదు. నేల నుంచి జానెడు ఎత్తులో ఆకురాయి కొస పెట్టి నొక్కింది. ఎర్ర పిడి దాకా దిగిపోయింది. లాగితే పసుపు మీదుగా గోధుమ రంగు పొడి రాలింది. చాకును కొంగుతో తుడిచి నా చేతిలో పెట్టి, రాసుకో అంది.

అంతటితో ఊరుకోలేదు. నన్ను వెంటబెట్టుకుని ఖోలీ ఖోలీకి తిప్పింది. ఒకచోట గుంజకు క్యాలెండరు, ఒకచోట అంటించిన పేపరు, ఒకచోట కొత్త ఆయిల్ పెయింటు. అడ్డం చెప్పబోయిన ఒకాయనతో అంది: "నేను మా మైసమ్మనే గుచ్చిన. నీ క్యాలెండరు ఎంత?" సాయంత్రానికి మొత్తం తేలింది. రెండు గుంజలు చెడ్డవి, మిగతావీ దూలాలూ గట్టివి. రిజిస్టరులో దిద్దకూడదు, చెరపకూడదు. అందుకని 'బాగుంది' మీద ఒక్క గీత గీసి, పక్కన సంతకం, తేదీ వేశాను. సాహెబ్ సంజాయిషీ అడిగితే జరిగింది జరిగినట్టు రాసిచ్చాను. ఆయన చదివి ఈసారి నవ్వలేదు. స్వయంగా వచ్చి చూసి, గుంజలు మార్చడానికి మంజూరు చేశారు.

ఖాళీ చేయవలసిన ఖోలీల్లో నాగవ్వది మొదటిది. తిరిగి అదే ఖోలీ ఇస్తామని ఆఫీసు ముద్రతో కాగితం తెచ్చి ఇచ్చాను. ఆమె దాన్ని మడిచి రవికెలో పెట్టుకుని, నా తాళాల గుత్తి అడిగి తీసుకుంది. రింగు నుంచి చాకును తనే ఊడదీసింది.

"కాయిదం నాకు సదవరాదు. ఇది నా కాడ ఉండనియ్యి. నన్ను మర్ల ఈ ఖోలీల దింపిననాడు తీస్కపో."

కాదనలేకపోయాను.

తర్వాత ఏడు నెలలు నా జేబులో ఉత్త తాళాలే. ఫైలు దారం పళ్ళతో కొరికాను. స్విచ్చు స్క్రూ పావలా బిళ్ళతో తిప్పాను. చెయ్యి జేబులోకి పోయిన ప్రతిసారీ నాగవ్వ గుర్తొచ్చేది. ఆమె కోరుకున్నదీ అదే అయి ఉంటుంది. కాంట్రాక్టరు ఆలస్యం చేస్తే ప్రతి సోమవారం అడిగాను. సిమెంటు లేదంటే రాతపూర్వకంగా ఇమ్మన్నాను. నిజం చెప్పాలంటే ఆ చాకు నా దగ్గరే ఉండి ఉంటే అంతగా వెంటపడేవాణ్ణి కాను. ఆ ఫైలు కూడా మిగతావాటి పక్కకు చేరేది. నాగవ్వ మాత్రం క్యాంపులో రొట్టెలు చేసి, మూటగట్టుకుని రోజూ మొదటి లోకల్ రైల్లో వచ్చేది. అయినా పద్నాలుగు మందిలో తొమ్మిది మందే మిగిలారు.

నవంబరులో ఖోలీ తాళం ఆమె చేతిలో పెట్టాను. కొత్త గుంజను పై నుంచి కింది దాకా తడిమి చూసింది. దానికి పసుపు పూయలేదు. సంచిలోంచి చాకు తీసింది. కత్తెర వదులైంది, ఆకురాయి అరిగింది. క్యాంపులో స్టవ్ మరమ్మతుకూ, పుంటికూర కాడలకూ, పక్కింటి పిల్లల గోళ్ళకూ అన్నిటికీ వాడానని చెప్పింది.

"మంచిగనే పనిచేసింది బిడ్డా. నువ్వు సుత."

రిటైరయ్యే దాకా ఆ అరిగిన చాకే నా గుత్తికి ఉంది. సర్వేకు ఏ పనిముట్టు పట్టుకుపోవాలని కొత్త ఇంజనీర్లు అడిగితే, ఎదుటి మనిషి చేతికి ఇవ్వగలిగేది పట్టుకుపొమ్మని చెప్పేవాణ్ణి. గుచ్చవలసిన చోటు ఆ ఇంట్లో ఉండేవాళ్ళకు ముందే తెలుసు.