తెల్లగా చేయించిన ఫోటోతో క్లెమెంటికి

బుజ్జులూ, నువ్వు రమ్మని పిలిచినన్నాళ్లూ రాలేదు. నువ్వు పోయాక యూనివర్సిటీవాళ్లు సభ పెడతామంటే, నీ ఫోటో పట్టుకుని వచ్చాను.

చదువుకోవడానికి ఈ పరాయి దేశం వచ్చిన నా కూతురు ఇక్కడే డెంగ్యూతో పోయి నాలుగు నెలలు. ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ల మనవరాళ్లు స్పానిష్‌లో రాసిన పుస్తకాల మీద పరిశోధన చేసేది. నాది ఐదో తరగతి. తను ఫోన్‌లో చెబుతుంటే ఊ కొట్టేదాన్ని.

విమానం పొద్దున ఆరింటికి దిగింది. ట్రైనెక్కి తానా మేరా స్టేషన్లో పచ్చ లైనుకు మారితే గంటకు కాస్త అటూఇటూగా తను ఉన్న పేట క్లెమెంటి వస్తుంది. టికెట్టు మూడు డాలర్లలోపే, ట్యాక్సీకైతే ముప్పై. సిద్దిపేటలో కట్టించిన ఫ్రేమును దారంతా ఒళ్లో పెట్టుకున్నాను.

తను అద్దెకున్న ఇంటావిడ షాహీన్‌ది హైదరాబాదు. ఫ్రేము విప్పగానే అడిగింది.

"ఎవరిదక్కా ఈ ఫోటో?"

"నా బిడ్డదే."

"ట్యూబ్‌లైట్ లెక్క చేసిన్రు గదక్కా. మన పిల్ల గిట్లుండెనా?"

స్టూడియోలో "జర తెల్లగ చెయ్యి" అన్నది నేనే. చచ్చాక కూడా దాన్ని వదల్లేదు.

షాహీన్ టీ పోసింది. "తినేటప్పుడు ఆ పుస్తకాల ముచ్చట్లే చెప్పేది. ఆడపిల్ల పుడితే ఇంట్లోళ్లే ముందుగాల రంగు చూస్తరంట, జుట్టు చూస్తరంట. మొగపిల్లగానికైతే ఏం లేదంట. ఆ పిల్లలు పెద్దగై, మేం గిట్లనే ఉంటం, మీకేంది అని రాసిన్రంట. 'అచ్చం మా అమ్మే ఆంటీ' అని నవ్వేది."

ఆ నవ్వు నాకు మింగుడు పడలేదు. నా కొడుకుదీ అదే రంగు. వాడికి ఒక్కనాడూ నలుగుపిండి రుద్దలేదు. వాడికి టీ పోసి, దీనికి మాత్రం నల్లబడతావని పాలిచ్చేదాన్ని.

షాహీన్ ఫోన్‌లో ఇంకో ఫోటో ఉంది. వాళ్ల అపార్ట్‌మెంట్ బ్లాకు కింద ఎండలో, రేగిన జుట్టుతో, చేతిలో టీ కప్పుతో నోరంతా తెరిచి నవ్వుతోంది. "గిదే పెడదాం" అన్నాను. కింద దుకాణంలో పది నిమిషాల్లో ప్రింటు తీశారు. ఫ్రేములోని తెల్ల ఫోటోను వెనక్కి తిప్పి, దాని మీద నా బిడ్డను పెట్టాను.

రెండింటికి సభ. తను రాసింది చదివారు, నాకు ముక్క అర్థం కాలేదు. కానీ వచ్చినవాళ్లంతా ఫోటోను చూడగానే గుర్తుపట్టారు.

ఎక్కడో సముద్రాలవతలి నల్లని ఆడవాళ్లు రాసింది మా ఇంటి సంగతేనని నా బిడ్డకు తెలిసింది. నాకు తెలిసేసరికి తను లేదు. ఇలాంటి పని మీద వచ్చేవాళ్లు ఫోటోను ఫోన్‌లో తెచ్చుకుని ఇక్కడే ప్రింటు తీయించండి, ఉన్నది ఉన్నట్టు. జ్వరమొచ్చిన మూడు రోజులూ తను ఏమీ తినలేదట. మీరు టీ తాగండి, కడుపునిండా తినండి.