గాజు కింద తాత వాంగ్మూలం

గొప్పకు పోయి చేసిన పని అది. సిద్దిపేటలో పాత కోర్టు భవనాన్ని బాగుచేసి మ్యూజియం పెడుతూ, ఇళ్లలో పాత కాగితాలుంటే ఇమ్మన్నారు. మా తాత సందూక పెట్టెలోంచి ఎర్ర లక్క ముద్ర ఉన్న ఉర్దూ కాగితం తీసి ఇచ్చాను. నాకు ఉర్దూ ముక్క రాదు. ముద్ర అందంగా ఉందని ఇచ్చానంతే.

తెరవడానికి రెండు రోజుల ముందు, అక్కడ కాగితాలు చదివిపెడుతున్న రిటైర్డ్ ఉర్దూ సారు నన్ను పక్కకు పిలిచారు. అది ఆ కోర్టులోనే మా తాత ఇచ్చిన వాంగ్మూలమట. పక్కింటివాళ్ల పొలం వాళ్లది కాదు, ఊరి దొరదేనని ప్రమాణం చేసి చెప్పాడట. ఆ పొలాన్ని ఇప్పుడు దున్నుకుంటున్నది మేమే. దొర దగ్గర కొన్నానని తాత ఊరంతటికీ చెప్పుకున్నాడు. పక్కింటివాళ్లకు ఏం చెప్పాడో నాకు తెలియదు.

తీసేయమని బతిమాలాను. రిజిస్టర్లో ఎక్కింది, నా చేతిలో లేదన్నారు సారు.

ప్రారంభం రోజు పక్కింటి పెద్దమ్మ నా కారులోనే వచ్చింది. ఎనభై దాటిన మనిషి, రావద్దని ఎలా చెప్పను? సారు ఒక్కో అద్దాల పెట్టె దగ్గర ఆగి, కాగితం చదివి, తెలుగులో చెబుతున్నారు. జనం వెంట నడుస్తున్నారు. మాది ఐదోది. మూడోదాని దగ్గరే పెద్దమ్మను కాసేపు బయట కూర్చోబెడదామని చూశాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కదల్లేదు.

ఐదో పెట్టె పక్కనే సాక్షుల బోను, కొత్త వార్నిషుతో మెరుస్తోంది. సారు చదవలేదు. నా ముఖంలోకి చూశారు.

"గిది మీ తాత కాయిదం. ఏం రాసున్నదో నువ్వే చెప్పు."

అందరూ నావైపు తిరిగారు. బోను కమ్మీ పట్టుకున్నాను. పొలం పోతుందని భయం, పరువు పోతుందని అంతకంటే భయం.

ముందు పెద్దమ్మే మాట్లాడింది.

"నాకెర్కే బిడ్డా. ఊరంత దొరకు భయపడ్డనాడు మీ తాత ఒక్కడే మా దిక్కు సాక్ష్యం చెప్పిండు. మా మామ సచ్చేదాక ఆయన్ని తల్సుకునేటోడు."

"అట్లనే రాసుంది పెద్దమ్మా," అన్నాను.

ఆమె గాజును తాకి ఆ చెయ్యి కళ్లకద్దుకుంది. సారు ఆరో పెట్టె వైపు నడిచారు. నా చెయ్యి ఇంకా బోను మీదే ఉంది. ఆ పొలం గురించి అక్కడ అబద్ధపు సాక్ష్యం చెప్పినవాళ్లం ఇప్పుడు ఇద్దరం.