అవ్వ నవ్వు

మా కుట్టు సెంటర్ల స్రవంతి అనే పిల్ల అంగీ చేతులు తారుమారు చేసి కుట్టింది. ఇంచార్జిని నేనే. మందిల నిలబెట్టి తిడుతుంటే ఆ పిల్ల నవ్వుతుంది. "జర సిగ్గన్న లేదా?" అనుకుంట దగ్గరికి పోయిన. ఆమె చేతులకెల్లి తంబాకు వాసన గుప్పుమన్నది. పొద్దుగాల ఇంట్ల బీడీలు చేసి వస్తదట.

ఆ వాసన నా చెంపకు తెలుసు.

నన్ను కన్న మా అవ్వ గూడ బీడీలు చేసేది. చిన్నప్పుడు ఒకసారి ఆమె వెంట కార్ఖానాకు పోయిన. బీడీలు చూసి తీసుకునే టేకేదారు, నుదుటికి కొండగట్టు సింధూరం పెట్టుకున్నోడు, అవ్వ కట్టలు పిసికి చూసిండు. "గివి బీడీలా, మేక పెంటికలా?" అని ఆడోళ్లందరి ముందట నలిపి కింద పోసిండు. అందరు నవ్విండ్రు. అవ్వ గూడ నవ్వింది. అవ్వే నవ్వుతుందంటే ఇదేదో ఆట అనుకున్న. అందరికన్న గట్టిగ నేనే నవ్విన.

తొవ్వల ఎవ్వరు లేని కాడ అవ్వ నా చెంప పలగ్గొట్టింది. "నువ్వెందుకు నవ్వినవే?"

"నువ్వు నవ్వలేదా?" అని ఏడ్చిన.

ఇన్నేండ్లు అవ్వ ఉత్తపుణ్యానికే కొట్టిందనుకున్న. నవ్వకపోతే అంత మందిల ఏడ్వవలసి వస్తుండెనని ఇయ్యాల సమజైంది.

స్రవంతి ఇంక నవ్వుతనే ఉంది. చుట్టు కూసున్నోళ్లు గూడ నవ్వుతుండ్రు. నుదుటికి సింధూరం లేదు గని, నేను నిలబడ్డది టేకేదారు జాగల.

అంగీ అందుకొని ఆ పిల్ల పక్కన కూసున్న. ఇద్దరం కలిసి కుట్లు విప్పుతుంటే, అప్పుడు ఏడ్చింది.