మా బ్యాండుకు సావు బ్యాండని పేరొచ్చిన కత

మా బ్యాండులో ముగ్గురం. గిటారు వాయించి పాడేటోనిది పులివెందుల, చీనీ తోటలుండే ఇల్లు. డ్రమ్ములాయనది ప్రొద్దుటూరు పక్కన పల్లె. నాది జమ్మలమడుగు. మా నాయన పెండ్లిండ్లు చేయించే పురోహితుడు. నేను వాయించేది నాకంటే పొడుగుండే బేసు. నిలబడి, కావిలించుకొని వాయించాల. దాన్ని బెంగళూరులో పాతది కొని, దుప్పట్లు చుట్టి ప్రొద్దుటూరు బస్టాండులో దించితే హమాలీ దగ్గరికి రాలేదు. దూరంగానే నిలబడి, "ఎవురప్పా పోయింది?" అన్నాడు.

ఇప్పుడు ప్రొద్దుటూరులో మమ్మల్ని సావు బ్యాండంటారు. పెండ్లిండ్లకు ఎవురూ పిలవరు. బెంగళూరులో ఎప్పుడన్నా ఒక హోటల్లో వాయిస్తాం, ఆడ మా పేరేందో ఎవురికీ పట్టదు. ఈ పేరు యాడ నుంచి వచ్చిందని అడిగినోళ్లకు మేం ముగ్గురం మూడు రకాలుగా చెప్తాం. ఇది నేను చెప్పేది.

మేం వాయించేది రాకబిల్లీ. అమెరికాలో పల్లెటూరోళ్ల పాటను ఉరికిస్తే పుట్టిన పాట. బేసు తీగను లాగి వదిలితే అది చెక్కకు కొట్టుకొని టపటపమంటాది, సగం తాళం దాంట్లోనే ఉంటాది. దానికే ఇంకొంచెం జోరు పెంచి, దయ్యాలు, పుర్రెలు, శవాలు పూడ్చే బొందలగడ్డలు కలిపితే సైకోబిల్లీ. గిటారోడు ఫోన్లో అది చూసి పిచ్చెక్కినట్టు తిరిగినాడు. మా మాటల్లోనే పాటలు కట్టినాడు. ఎండిపోయిన బోరులో నుంచి దయ్యం నీళ్లడిగే పాట ఒకటి. పెన్నలో ఇసక తోడితే లేచొచ్చిన ముత్తాత పాట ఇంకొకటి. బాగుండేవి. ఇప్పటికీ బాగుంటాయి, నా మాట నమ్మండి.

అయితే కడుపు నిండేది రిసెప్షన్లతోనే. సినిమా పాటలన్నీ అయినాక ఒకటి మాది తోసేవాళ్లం. వేంపల్లెలో ఒకసారి బోరు దయ్యం పాట మొదలు పెడితే పెండ్లికూతురి మేనమామ స్టేజీ ఎక్కి వైరు పీకేసినాడు. "ఏమప్పా, ఈడ పెండ్లి చేస్తాండామా, దినం చేస్తాండామా? పెండ్లికి పోతా పిల్లిని సంకన పెట్టుకొని పోయినట్టుండాదే మీ యవ్వారం" అన్నాడు. ఆయన తప్పేముంది. అన్నం మాత్రం పెట్టించినాడు.

గిటారోడు మూడు నల్ల చొక్కాలు తెచ్చినాడు, ముందర పుర్రె బొమ్మలు. మేమిద్దరం వేసుకున్నాం. డ్రమ్ములాయన వేసుకోలేదు. "ఎండకు నలుపు నాకు పడదు సామీ" అన్నాడు. పురోహితుని కొడుకునని నన్ను సామీ అంటాడు, ఎగతాళికి. కడప జిల్లా ఎండల్లో ఆ మాట ఎవురైనా నమ్ముతారు, మేమూ నమ్మినాం.

మా పాటలు మెచ్చుకున్న మనిషి ఈ జిల్లా మొత్తానికి ఒక్కడే. గిటారోని అబ్బ, అంటే వాళ్ల నాయనకు నాయన. ఆదివారాలు పులివెందులలో వాళ్ల తోటలో, మోటారు షెడ్డు కాడ సాధన చేసేవాళ్లం. ముసలాయన మంచం వాల్చుకొని కాలు ఊపుతా వినేవాడు. ఆ ఇంట్లో డ్రమ్ములాయనకు నీళ్లు వేరే గ్లాసులో వచ్చేవి. ఎవురూ ఏమీ అనేవాళ్లు కాదు, గ్లాసు వేరేది వచ్చేది, అంతే. ముసలాయన మాత్రం ఆయన్ను పిలిచి తన మంచం మీదే కూసోబెట్టుకునేవాడు. "నీ చేతిలో పదునుండాదప్పా. మా వానికి గొంతు లేదు, అరుపుండాది" అనేవాడు. మనవనికి మండేది.

ఒకరోజు ఆయనే అన్నాడు. "నేను పోయిననాడు మీరే కొట్టాల. ఆ మైకు సెట్టు మోత నాకొద్దు." గిటారోడు మా అందరి తరఫునా సరే అనేసినాడు. డ్రమ్ములాయన తలొంచుకొని స్క్రూ బిగించుకుంటాండాడు.

ముసలాయన ఒక పొద్దున పోయినాడు. నిండా బతికినోని సావు మా వైపు పెద్ద సావు. వాయిద్యాలతో సాగదోలాల, లేకుంటే లోకువ. గిటారోడు ఫోన్ చేసి, "అబ్బ పోయినాడు. మీరిద్దరూ బయల్దేరండి, డ్రమ్ములు ట్రాక్టరు మీద కట్టిస్తా" అన్నాడు. నేను ప్రొద్దుటూరులో మా సామానుండే గోడౌనుకు పోయినా. డ్రమ్ములాయన స్టూలు మీద కూసోనుండాడు. ఒక్క స్క్రూ కూడా విప్పలేదు.

"నేను రాను సామీ."

"ఏందప్పా ఇది? ఆయప్ప నిన్నే కదా అడిగింది?"

అప్పుడు చెప్పినాడు. వాళ్ల నాయన, ఆయన నాయన, అందరూ శవాల ముందర డప్పు కొట్టినోళ్లే. తనూ చిన్నప్పుడు కొట్టినాడు. ఊర్లో ఎవురు పోయినా కబురొచ్చేది, జ్వరమున్నా పోవాల్సిందే. దాంట్లో నుంచి బయటపడాలనే ఆర్కెస్ట్రాలో చేరినాడు. పెండ్లికి కొడతా, దేవునికి కొడతా, సావుకు మాత్రం కొట్టనని వాళ్ల నాయనకు మొహం మీద చెప్పి వచ్చినాడు.

"మీ ఇద్దరికీ బొందలగడ్డ అంటే పాట. నాకు అది మా నాయన పని" అన్నాడు.

నాకు సిగ్గేసింది. ఒంటి మీద ఆ పుర్రె చొక్కానే ఉండాది.

ఆయనే మళ్లా అన్నాడు. "కొట్టేదానికైతే రాను. మోసేదానికైతే వస్తా. ఆయప్ప మంచం మీద నాకు జాగా ఇచ్చినాడు. ఆయన మనవన్ని అడుగు."

అడిగినా. ఫోన్లో గిటారోని వెనక ఆడోళ్ల ఏడుపు వినపడతాండాది. ఆ ఇంటి పాడెకు బయటోని భుజం తగలడమే లేదు, డప్పు ఇంటి భుజమైతే చెప్పనే పనిలేదు. వానికీ తెలుసు, నాకూ తెలుసు. చివరికి, "రమ్మను. పెద్దనాయనతో నేను తేల్చుకుంటా" అన్నాడు. మళ్లా, "మనవన్ని, నేనూ మోయాల. మరి కొట్టేదెవురు?" అన్నాడు.

"నేను" అన్నా. ఎందుకన్నానో నాకిప్పటికీ తెలీదు.

పులివెందులలో ఇంటి ముందర జనం నిండినారు. డ్రమ్ములాయన పాడె కాడికి రాంగానే ఒక చిన్నాయన, "ఎవుర్రా ఈయన?" అన్నాడు. "మా బ్యాండాయన. అబ్బకు కావాల్సినోడు" అన్నాడు గిటారోడు. పక్కకు జరగలేదు. ఆ చిన్నాయన పాడె వదిలి పక్కకు పోయినాడు. ఖాళీ అయిన ఆ చోట్లోనే డ్రమ్ములాయన భుజం పెట్టినాడు.

నేను చిన్న డ్రమ్ము మెడకు తగిలించుకొని ముందర నడిచినా. నాకు వచ్చిన దెబ్బ ఒకటే, బోరు దయ్యం పాటది. అదే కొట్టినా. ముసలోళ్లు ఇద్దరు దానికి అడుగు కూడా వేసినారు. జమ్మలమడుగులో మా నాయనకు ఈ సంగతి నాకంటే ముందు చేరింది. వారం నాతో మాట్లాడలేదు.

పూడ్చేది తోటలోనే. తోట మలుపులో పాడె దించినారు. నేను కొడతానే ఉండా. వెనక నుంచి డ్రమ్ములాయన మెల్లగా, "ఆపు సామీ. దింపుడు కళ్లం" అన్నాడు. పోయినోని చెవిలో పిలిచి చూసే చోటు అది, ఒకవేళ ప్రాణముంటే పలుకుతాడని. దింపుడు కళ్లం ఆశ అని జీవితమంతా అన్నోన్నే, ఆ చోటు కాడ కొట్టకూడదని మాత్రం తెలీదు. ఆపినా. పెద్ద కొడుకు వంగి చెవిలో పిలిచినాడు. అందరం కాసేపు నిలబడుకున్నాం. మళ్లా పాడె ఎత్తినారు.

సాయంత్రం బస్సులో డ్రమ్ములాయన కిటికీ పక్కన కూసున్నాడు. భుజం వాచి ఉండాది. ముద్దనూరు దాటినాక నోరు తెరిచినాడు.

"దింపుడు కళ్లం కాడ మేం డప్పు ఆపి దూరంగా పోయి నిలబడాల సామీ. అది ఇంటోళ్ల సంగతి, మేం వినకూడదు. ఏం పిలుస్తారో మా నాయనకు ఇంతవరకూ తెలీదు. నన్ను అడిగేవాడు, నాకేం తెలుసు."

వాచిన భుజం ఒకసారి తడుముకున్నాడు.

"ఈపొద్దు పాడె కాడే ఉండి విన్నా. నాయనా అంటారు. అంతే" అన్నాడు. "ఇంటికి పోతానే చెప్పాల."