అరువు ఫోటోల వెబ్‌సైట్

సోఫాలు కుట్టే మేస్త్రికి కబుర్లంటే ఒళ్లుమంట. అలాంటివాడు బావమరిది కబుర్లకే పడిపోయాడు. కొట్టుకు వెబ్‌సైట్ చేస్తానన్న డిజైనరమ్మ, ముందు కొట్లో కూర్చుని పని చూస్తాననీ, ఫోటోలు తీసుకుంటాననీ అంటూ, దానికీ కలిపే ధర చెప్పింది.

"కూర్చున్నందుకు కూడా డబ్బులా బావా? నేను చిటికెలో చేసి పడేస్తా," అన్నాడు బావమరిది. ఎవరెవరివో సోఫాల ఫోటోలు ఎత్తుకొచ్చి అంటించి, అన్నట్టే చేసి పడేశాడు.

అది చూసి మొదటగా ఒక హోటల్ యజమానురాలు వచ్చింది. ఫోన్‌లో తోలు సోఫా చూపించి, "మీరు కుట్టిందే కదా, ఇలాంటిది ఇంకోటి చూపించండి," అంది. మేస్త్రి జన్మలో తోలు కుట్టలేదు. ఆ మాట చెప్పగానే ఆవిడ, గోడవారన ఉన్న అతని అసలు పనిని చూడనైనా చూడకుండా వెళ్లిపోయింది.

"పోనీలే బావా, ఫోటో మార్చేస్తా."

"నోర్ముయ్! లోపల గడ్డి కుక్కి పైన పట్టుగుడ్డ కప్పేవాణ్ణి నా కొట్టు గడప తొక్కనివ్వను. నిన్ను మాత్రం నెత్తినెక్కించుకున్నాను, బుద్ధిలేక!"

తర్వాత డిజైనరమ్మకు ఫోన్ చేశాడు.

"ధర ముందు చెప్పిందేనండీ," అందామె.

"అలాగేనమ్మా. వచ్చి కూర్చో. కుర్చీ నేనే వేస్తాను."