కోత పండుగ వేలంలో రాక్ కేసెట్టు

మా బావంటే నాకు ప్రాణం. అతనికి ఏదైనా మంచి జరిగితే మాత్రం నాకు అన్నం సయించదు. మేనమామ కొడుకు, నాకంటే కాస్త పెద్ద. రాక్ సంగీతం అనేదొకటి ఉందని అతనికి చెప్పింది నేనే. భీమవరంలో కాలేజీకి వెళ్ళే రోజుల్లో, కేసెట్ల కొట్టులో దుమ్ము పట్టిన మూల నుంచి ఆ బ్యాండును వెతికి తెచ్చాను. జుట్టు పెంచుకున్న నలుగురు తెల్లవాళ్ళు. మొదటిసారి విని, "ఏంట్రా, రేకుల షెడ్డు మీద వడగళ్ళ వానలా?" అని నవ్వాడు బావ. ఓపిగ్గా కూర్చోబెట్టి, ఏది బేస్ గిటారో ఏది లీడ్ గిటారో చెప్పి చెప్పి అతన్ని మనిషిని చేశాను.

అలాంటి బావకు బెంగుళూరులో సీటు వచ్చింది. నాకు రొయ్యల మేత కొట్టులో గుమాస్తా పని వచ్చింది. ఆ నలుగురూ బెంగుళూరు వచ్చి కచేరీ చేసిన వారమే మా వైపు చెరువుల్లో రొయ్యలన్నీ పట్టుబడికి వచ్చాయి. సెలవు అడిగితే మా ఓనరుగారు, "పాటలకి సెలవేంటండీ?" అన్నారు. అండీ అన్నారు గానీ సెలవు ఇవ్వలేదు.

బావ వెళ్ళాడు. సెలవులకు ఊరొచ్చినప్పుడు మా వరండాలో కుర్చీ వేసి, మంచినీళ్ళు కూడా ఇవ్వకుండా మొదలుపెట్టాను.

"మొదట ఏ పాట ఎత్తుకున్నారు బావా?"

"ఏదో ఫాస్టుగా ఉండేదిరా."

"డ్రమ్స్ అతను ఒక్కడే వాయించే ముక్క వాయించాడా?"

"వాయించే ఉంటాడు. మధ్యలో మేం సమోసాలకి వెళ్ళాంలే."

సమోసాలకి వెళ్ళాడట! ఆ ముక్క కోసం నేను టేపును ఎన్నిసార్లు వెనక్కి తిప్పానో, రీలు తెగితే గోళ్ళ రంగుతో ఎలా అతికించుకున్నానో ఆ దేవుడికే తెలుసు. దేవుడు కూడా టికెట్టు అతనికే ఇచ్చాడు.

"మళ్ళీ ఏడు కూడా వస్తామని స్టేజీ మీద చెప్పార్రా," అన్నాడు పోతూ పోతూ. ఆ ఒక్క మాట పట్టుకుని బతికాను. సాయంత్రం టీ మానేశాను. కొట్టు నుంచి ఇంటికి ఆటో ఎక్కకుండా నడిచాను. మిగిలింది మిగిలినట్టు పెట్టెలో బట్టల కింద దాచాను. ఈసారి స్టేజీకి ఎదురుగా నేనుండాలి. సమోసాలు ఎవరైనా తిననీ.

ఆ తర్వాత బావకు బెంగుళూరులోనే ఉద్యోగం దొరికింది. మా చర్చి కోత పండుగకు వస్తూ మొదటి జీతంతో నాకు వాళ్ళ కొత్త ఆల్బమ్ కొని తెచ్చాడు. వాళ్ళ మూడో ఆల్బమ్‌లో కీబోర్డు చేరి పాటలన్నీ పెళ్ళిలో సన్నాయిలా మెత్తబడ్డాయని నాకు కోపం. ఈ కొత్తదాంట్లో కీబోర్డు తీసేశారని ఒక పత్రికలో చదివి, ఎప్పుడొస్తుందా అని కాచుకుని ఉన్నాను. తీరా చేతికి వచ్చాక, "తర్వాత వింటాలే బావా," అని సీలు విప్పకుండా టీవీ మీద పెట్టేశాను. ఎగిరి గంతేస్తే అతను ఇంకాస్త పెద్దవాడైపోతాడని నా భయం.

అక్కడే దెబ్బ తిన్నాను. మా అమ్మ లెక్కలో మొదటి కాపు, మొదటి గుడ్డు, మొదటి జీతం దేవుడివి. మేనల్లుడు తెలియక ఆ జీతం నా మీద పెట్టాడని బెంగపడి, ఆ కేసెట్టును గుమ్మడికాయతో పాటు బుట్టలో పెట్టి చర్చికి ఇచ్చేసింది.

మా చర్చిలో కోత పండుగకు వచ్చిన కానుకలన్నీ ఆరాధన అయ్యాక వేలం వేస్తారు. అరటి గెలలు అయ్యాయి, కోడిపుంజు అయింది. సంఘ పెద్దగారు కేసెట్టు పైకెత్తి, అట్ట మీది నలుగురినీ కళ్ళద్దాల్లోంచి చూసి, "ఇంగ్లీషు భక్తి పాటలనుకుంటానండి," అన్నారు. టీవీ మీద ఉండాల్సిన నా కేసెట్టు!

నేను వేలం పాడాను. వెంటనే అవతలి వరసలోంచి బావ పాడాడు. నేను పెంచాను. బావ ఇంకా పెంచాడు. కొత్త జీతం పొగరు చూపిస్తున్నాడనుకున్నాను. కచేరీ చూశావు, ఉద్యోగం కొట్టావు, ఇప్పుడు ఇది కూడానా? ఒళ్ళు మండి ఇంకా పెంచాను. జనం మెడలు తిప్పి చూస్తున్నారు. పాస్టరు అయ్యగారు, "ఈ కుటుంబంలో ఎంత భక్తండీ!" అని మురిసిపోయారు. చివరికి బావ ఆగిపోయాడు. చర్చిలో అన్న మాట వెనక్కి తీసుకునే అలవాటు మా వాళ్ళలో లేదు. ఇంటికి పరుగెత్తి, బట్టల కింద దాచిందంతా తెచ్చి కట్టాను.

బయట వేపచెట్టు కింద బావ నా భుజం పట్టుకున్నాడు. "ఒరేయ్, నీకు మళ్ళీ ఇద్దామనే కదరా నేను పాడింది! నువ్వెందుకు ఎగబడ్డావు?"

అతని చెయ్యి విడిపించుకుని ఇంటికి పోయాను. కేసెట్టు విన్నాను. చాలా బాగుంది. డ్రమ్స్ మొదటి రోజుల్లాగే మోగుతున్నాయి. బాగుండకపోయినా కాస్త ఊరటగా ఉండేది.

మరుసటి ఏడు వాళ్ళు చెప్పినట్టే వచ్చారు. నా దగ్గర బస్సు చార్జీలు కూడా లేవు. నేను పెట్టుకుంటానని బావ బతిమాలాడు, నేను వెళ్ళలేదు. అతని చేతి మీదుగా ఆ కచేరీ చూడటం నా వల్ల కాలేదు. ఆ సాయంత్రం మేత కొట్టులో ఫోను మోగింది. "విను, విను!" అని అరిచి, బావ తన సెల్‌ఫోను గాలిలోకి ఎత్తి పట్టుకున్నట్టున్నాడు. హోరు. ఓనరుగారు చూస్తున్నా రిసీవరు చెవికి నొక్కుకుని నిలబడ్డాను. కాసేపటికి ఆ హోరులోంచి డ్రమ్స్ ఒక్కటే తేలింది. అదే ముక్క. నేను గోళ్ళ రంగుతో అతికించుకున్నది.

ఇంతలో బావ గొంతు వచ్చింది. "ఇదే కదరా నువ్వు అడిగింది? ఇదేనా?"

"ఏమో బావా," అన్నాను, "హోరు తప్ప ఏమీ వినపడలేదు."