ఒడ్డు లేని పడవ

మా వాడకట్టులో ఈ సంగతిని ఒక్కొక్కరు ఒక్కో రకంగా చెబుతున్నారు. తప్పు చేసింది నేనే కాబట్టి నేనే రాసి పెట్టడం న్యాయం.

బర్మా నుంచి ప్రాణభయంతో వచ్చిన ఒక కుటుంబం నిరుడు మామిడిపల్లిలో మా పక్కింట్లో కిరాయికి దిగింది. వాళ్లను మా ఇంటికి భోజనానికి పిలిచాం. ఎదురింటి సత్తెమ్మక్క వచ్చి బియ్యప్పిండితో సర్వపిండి కాల్చింది, ముగ్గు నా వంతు. పదో తరగతితో చదువు ఆగినా గ్రంథాలయాన్ని వదలనిదాన్ని. వాళ్ల దేశం గురించి మూడు పుస్తకాలు చదివి, సముద్రతీరం వాళ్లని తెలుసుకొని, గడప ముందు అలల మీద పెద్ద పడవ వేశాను. మెచ్చుకుంటారని అక్కడే నిలబడ్డాను.

మా మాట తొందరగా నేర్చుకున్న ఆ ఇంటి ఇల్లాలు నూర్జహాన్ పడవను చూసి ఆగిపోయింది. ఆమె కూతురు తల్లి చున్నీ వెనక దాక్కుంది.

"గిసొంటి దాంట్లనే వచ్చినం అక్కా. రెండు దినాలు ఒడ్డు కనపడలే," అని నూర్జహాన్ వెనక్కి తిరిగింది.

"మూడు పుస్తకాలు చదివినవ్. పక్కింటామెను ఒక్క మాట అడగకపోతివి," అంది సత్తెమ్మక్క.

సిగ్గుతో తడిగుడ్డ తెచ్చి తుడవబోయాను. నూర్జహాన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. ముగ్గు డబ్బా తీసుకుని, పడవకూ గడపకూ మధ్య పొడుగ్గా ఒక గీత గీసింది.

"ఇగో, ఒడ్డు," అని కూతురికి చూపించి, దాని మీద అడుగేసి లోపలికి వచ్చింది. ఆ పిల్ల రెండు సర్వపిండ్లు తిన్నది.

ఇప్పటికీ చదువుతూనే ఉన్నాను, కాకపోతే ముందు మనిషిని అడుగుతున్నాను. పుస్తకాలు వెతికిచ్చిన గ్రంథాలయం యాదగిరన్నకు, వండిపెట్టి మరీ తిట్టిన సత్తెమ్మక్కకు, నా ముగ్గు పూర్తి చేసిన నూర్జహాన్‌కు కృతజ్ఞతలు.